రాళ్ళ చెలక ఇండ్ల సంఘం

1944 ఫిబ్రవరి 11

ఈ రోజు ఒక గుడిసె పీకించాను.

నా చేత్తో పీకలేదు. గుత్తేదారు సాబ్ పట్నం నుంచి పంపిన ఉర్దూ చిట్టీని ఆ గుడిసె ముందు నిలబడి తెలుగులో చదివి వినిపించాను. పనిలో లేనివాళ్ళకు రాతి గని జాగాలో గుడిసె ఉండదు, సాయంత్రంలోగా ఖాళీ చేయాలి. అంతే ఉంది అందులో. ఇద్దరు కూలీలు గుంజలు పీకారు.

ఆ గుడిసె పర్వతాలుది. అతని దినాలు అయి ఒక్క రోజు. బండకు పెట్టిన మందు పేలలేదనుకుని దగ్గరికి వెళ్ళాడు. అప్పుడు పేలింది. హాజరు పట్టీలో ఆ రోజు అతని పేరుకు ఎదురుగా సగం రోజు వేశాను. రూల్ అది.

అతని భార్య సిద్దమ్మ ఏడవలేదు. చంకలో ఆరు నెలల ఆడబిడ్డ. కుండలు, రోకలి, మొగుడి సమ్మెట రోడ్డు పక్కన పెట్టుకుని నావైపు తిరిగి ఒక్క మాట అడిగింది. "మున్షీ, ఆయన సచ్చిండు గాబట్టి పనిల లేడంటున్నవు. మరి నేను కంకర కొడ్తలేనా? నేను పనిల లేనా?"

చిట్టీలో దానికి జవాబు లేదు. మడిచి జేబులో పెట్టుకున్నాను.

గని లెక్కలన్నీ ఉర్దూలో రాస్తాను. ఈ నోట్‌బుక్ ఒక్కటే తెలుగు. ఎవరూ చదవరు. నా భార్య బుచ్చమ్మకు చదువు రాదు. అన్నం ఎందుకు తినలేదని అడిగింది. కడుపు బాగాలేదన్నాను.

ఫిబ్రవరి 12

సిద్దమ్మ పనికి వచ్చింది. శామీర్‌పేటలో అక్క సత్తమ్మ ఇంట్లో ఉంటుందట. రెండు క్రోసుల నడక. హాజరు వేస్తూ నేను తలెత్తలేదు.

ఫిబ్రవరి 18, శుక్రవారం

సెలవు. సిరాజుద్దీన్ కబురు పంపితే అతని గుడిసెకు వెళ్ళాను.

సిరాజుద్దీన్ మా గనిలో మందు పెట్టే మనిషి. బండకు తూట్లు పొడిపించి, మందు కూరి, వత్తి అంటిస్తాడు. ఇరవై ఏళ్ళ పేలుళ్ళకు ఎడమ చెవి పోయింది. బండను సుత్తెతో తట్టి కుడి చెవి ఆనించి, ఎక్కడ పగులుతుందో చెబుతాడు. తప్పడం నేను చూడలేదు. పర్వతాలు పోయిన రోజు జ్వరంతో పనికి రాలేదు. వచ్చి ఉంటే ఆ చావు జరిగేది కాదని అతని దిగులు.

గుడిసె ముందు ఇరవై మంది దాకా కూర్చున్నారు. సిద్దమ్మ కూడా ఉంది. సిరాజుద్దీన్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఇవాళ మాట్లాడాడు. "గని ఆయనది, గుడిసె ఆయనది. మనం సచ్చినమంటే పెండ్లాం పిల్లలు రోడ్డు మీద. ఎవలకు వాళ్ళం ఇల్లు కట్టుకునుడు మనతోని గాదు. అందరం కలిసి ఒక్కొక్కలికి కడ్తె అయితది."

తలా రెండు రూపాయలు నెలనెలా వేస్తారట. ఒక ఇంటికి సరిపడా అయితే ఒకరికి లోన్ ఇస్తారట. వాళ్ళు మెల్లగా తీరుస్తుంటే తర్వాతివాళ్ళకు. రాయి మనం కొడతాం, గోడ మనం కడతాం, కొనాల్సింది దూలాలు, పెంకులు, తలుపులే కదా అన్నాడు. నాతో ఏం పని అని అడిగాను. "కట్టుడు మాకొస్తది. రాసుడు నీకొస్తది."

గోనెపట్టా తెర వెనక నుంచి అతని భార్య షహజాది బేగం గొంతు వినిపించింది. "ఒక్క మాట జెప్త. ఇండ్లు మొగోళ్ళ పేరు మీద రాయొద్దు. గనికి పొయ్యేటోడు పొద్దుగాల పోతడు, మాపటికి వస్తడో రాడో అల్లాకే ఎరుక. ఇంట్ల ఉండేటోళ్ళ పేరు మీద రాయుండ్రి."

సమ్మెట కొట్టే బక్కయ్య నవ్వాడు. అట్లయితే నా పెండ్లాం నన్నే ఎల్లగొడ్తది గదా అన్నాడు. ఎల్లగొట్టకుండ మంచిగుండుమని తెర వెనక నుంచి జవాబు. అందరూ నవ్వారు. సిద్దమ్మ నవ్వలేదు.

"మొగుడు లేనోళ్ళకు గూడ పేరుంటది గద. నా పేరు రాయి," అన్నది.

ఆలోచించి చెబుతానని లేచి వచ్చాను. నేను ఉండేది గుత్తేదారు సాబ్ ఇచ్చిన గది. తినేది ఆయన జీతం.

ఫిబ్రవరి 19

ఒప్పుకున్నాను. ఎందుకో తెలియదు. కాదు, తెలుసు.

మార్చి 24, శుక్రవారం

జాగా దొరికింది. మేడ్చల్ దారిలో గౌరయ్య అనే రైతుకు మూడెకరాల మెట్ట చెలక ఉంది. నాగలి దిగదు. అంతా బండ. అమ్ముతాడా అని అడగడానికి వెళితే, అప్పటిదాకా ఎవరూ అడగనందుకు ఆయనే ఆశ్చర్యపోయాడు.

సిరాజుద్దీన్ చెలకంతా తిరిగి బండల్ని తట్టాడు. ఒక చోట మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు విన్నాడు. మమ్మల్ని పక్కకు పిలిచి, గౌరయ్యకు వినపడకుండా చెప్పాడు, ఇండ్లన్నిటికీ సరిపోయే రాయి ఇక్కడే ఉంది, బండ్ల మీద తోలే పని లేదని. దుక్కికి పనికిరాని నేల అతనికి పనికొచ్చింది. గనిలో రోజూ చూసే మనిషే. ఇవాళ కొత్తగా చూశాను.

గౌరయ్య పాపం మంచివాడు. డబ్బు ఏడాదిలో ఇమ్మన్నాడు. "అండ్ల సీతాఫలం చెట్లు, తేళ్ళు తప్ప ఏమున్నయ్? ఏం పండిస్తరయ్యా?" అని అడిగాడు.

"ఇండ్లు," అన్నది సిద్దమ్మ.

ఏప్రిల్ 28, శుక్రవారం

పట్నం నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. సంఘాన్ని రిజిస్టర్ చేయాలంటే ఆయన చూడాలి. రూమీ టోపీ, పెద్ద మనిషి. బక్కయ్య ఎక్కడి నుంచో కుర్చీ తెచ్చాడు.

ఇళ్ళన్నీ ఆడవాళ్ళ పేర ఎందుకు అని అడిగాడు. షహజాది బేగం చెప్పిన కారణమే నేను ఉర్దూలో చెప్పాను. కాసేపు కాగితాలు తిప్పాడు. వద్దనే రూల్ లేదు అని రాసుకున్నాడు. తర్వాత అసలు ప్రశ్న. లోన్ తీసుకున్నవాళ్ళు కట్టకపోతే జమానత్ ఏమిటి, ఎవరి హామీ?

బక్కయ్య లేచాడు: "ఒకలు కట్టకుంటె మిగిలినోళ్ళం అందరం పోయి ఆ ఇంటి ముంగట కూసుంటం సాబ్. వాళ్ళు అన్నం తినేటప్పుడు సూస్కుంట కూసుంటం. గంతకన్న జమానత్ ఏముంటది?"

తర్జుమా చేయడానికి భయపడ్డాను. చేశాను. ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి మరీ నవ్వాడు.

సెక్రెటరీ అని రాసిన చోట నా సంతకం ఉంది. భిక్షం. ఇంత చిన్న పేరు రాయడానికి అంతసేపు ఎందుకు పట్టిందో.

జూన్ 2, శుక్రవారం

మొదటి ఇల్లు సిద్దమ్మకు ఇద్దామని అందరూ ముందే అనుకుని వచ్చారు. సిరాజుద్దీన్ ఆ మాట చెప్పగానే సిద్దమ్మ లేచి నిలబడింది.

"జాలితోటి ఇచ్చేటట్టయితె నాకొద్దు. నేను గూడ రెండు రూపాలు ఏస్తున్న. అందరి లెక్కనే చిట్టీ తియ్యి."

ఇరవై రెండు చిట్టీలు రాసి కుండలో వేశాను. షహజాది బేగం తీసింది. మొదటి పేరు బక్కయ్య భార్య ఐలమ్మది. సిద్దమ్మది ఐదోది. అంటే ఏడాదిన్నర. తక్కువ కాదు. రోజూ నాలుగు క్రోసులు నడుస్తూ, చంకలో బిడ్డతో.

చీకటి పడకముందే శామీర్‌పేట దారి పట్టింది. ఆమె వెళ్ళిన దారినే చాలాసేపు చూశాను. నాకు అంత ధైర్యం ఉంటే ఆమె గుడిసె ముందు ఆ చిట్టీ చదివి ఉండేవాణ్ణి కాదు.

నవంబర్ 10, శుక్రవారం

మొదటి ఇల్లు లేచింది. రెండు గదులు, పైన పెంకులు, ముందర అరుగు. గోడలు మూరెడు మందం. ఇన్నాళ్ళు ఊళ్ళ కోసం కొట్టిన రాయి, మొదటిసారి తమకు.

అందరం చూస్తుండగా బక్కయ్య తన ఇంటి తలుపు తానే తట్టి నిలబడ్డాడు. ఐలమ్మ లోపల ఉంది. "ఎవలు?" అన్నది. ఎవరూ నవ్వలేదు. అతని కళ్ళలో నీళ్ళు.

1945 సెప్టెంబర్ 14, శుక్రవారం

యుద్ధం అయిపోయింది. బొల్లారం మిలిటరీ రోడ్లకు కంకర వద్దన్నారు. గనిలో ఇక వారానికి మూడు రోజులే పని. ఇద్దరు సంఘం నుంచి పేర్లు తీసేయమన్నారు. తిండికే లేదు, ఇల్లెక్కడిది అన్నారు. వాళ్ళ మాటా నిజమే. సంఘం ఇంతటితో సరి అనుకున్నాను.

సిరాజన్న అలా అనుకోలేదు. పైసలు లేనోళ్ళు రోజులు కట్టుండ్రి అన్నాడు. పని లేని ఆ నాలుగు రోజుల్లో ఒక రోజు ఎవరి ఇంటికైనా గోడ కడితే, అది కిస్తు కింద జమ. కూలి ఖర్చు తగ్గుతుంది, ఇల్లు లేస్తుంది. "పని లేదని పండుకుంటె చేతులు మర్సిపోతయ్," అని మాత్రం అన్నాడు.

పేర్లు తీసేయమన్నవాళ్ళు వెళ్ళి సమ్మెటలు తెచ్చుకున్నారు.

ఎప్పటి నుంచి సిరాజన్న అంటున్నానో గమనించలేదు.

1946 ఫిబ్రవరి 22, శుక్రవారం

సిద్దమ్మ ఇల్లు. గడప రాయి ఆమే చెక్కింది. మొగవాళ్ళను ముట్టుకోనివ్వలేదు. ఇంకేం రాయాలో తెలియడం లేదు. బాగుంది.

జూలై 13

గుత్తేదారు సాబ్ మోటారులో వచ్చాడు. చేతిలో సంఘం కాగితం. నా దస్తూరీ గుర్తుపట్టాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. మందు పెట్టేవాణ్ణి తీసేస్తే గని ఆగిపోతుంది, కానీ మున్షీలు బజారులో దొరుకుతారు అన్నాడు. అక్కడ నీ పేరు కొట్టేసుకో, లేదా సాయంత్రంలోగా గది ఖాళీ చెయ్యి.

ఆలోచించి చెబుతానని అనాలి. నేను ఎప్పుడూ అనేది అదే. "తాళంచెవి ఇదిగో సాబ్," అన్నాను. నా గొంతేనా అనిపించింది.

బుచ్చమ్మ సామాను బయటికి తెచ్చింది. ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, పొయ్యి మీద సగం ఉడికిన పప్పు గిన్నె. రోడ్డు పక్కన నిలబడ్డాం. ఎక్కడికి పోవాలో తెలియదు. మా ఊరు మచ్చ బొల్లారంలో మా వాళ్ళెవరూ మిగల్లేదు.

ఎవరు చెప్పారో, సిద్దమ్మ వచ్చింది. వచ్చి ట్రంకు పెట్టె నెత్తికెత్తుకుంది. నేను కదల్లేదు. ఆ రోజు నీ గుడిసె ముందు చిట్టీ చదివింది నేనే కదా, నీ ఇంటికి ఏ మొహంతో రావాలి అన్నాను. రెండేళ్ళుగా గొంతులో ఉన్న మాట.

"చిట్టీ సదివిన నోరే గద ఇయ్యాల ఆయనకు జవాబిచ్చింది. జల్దీ నడువు, వాన వస్తాంది," అన్నది.

ఇది ఆమె ముందు గదిలో కూర్చుని రాస్తున్నాను. బయట వాన. పెంకులు ఒక్కచోట కూడా కారడం లేదు.

జూలై 29

మేడ్చల్ స్టేషన్ గూడ్స్ షెడ్డులో గుమస్తా పని దొరికింది. జీతం తక్కువ. సిద్దమ్మ గనికి వెళితే బిడ్డను బుచ్చమ్మ చూసుకుంటోంది. మా పెళ్ళయి పదకొండేళ్ళు. మేమున్న ఇంట్లో పిల్ల నవ్వు వినడం ఇదే మొదలు.

సంఘంలో బుచ్చమ్మ ఇరవై మూడో మెంబర్. ఆమె అడిగింది, నేను కాదు.

1948 జనవరి 16, శుక్రవారం

పద్నాలుగు ఇళ్ళయ్యాయి, షహజాది బేగంది కూడా. బస్తీ అంటున్నారు మేడ్చల్‌లో. నీళ్ళు మాత్రం ఇప్పటికీ గౌరయ్య మోటబావి నుంచి మోసుకురావాలి. సిరాజన్న చెలకలో బండ మీద చెవి పెట్టి ఒక జాగా చూపించాడు. ఇక్కడ బావి. ఎన్ని గజాలని అడిగితే చెప్పలేదు. ఇవాళ మొదటి తూటు పొడిచారు.

జూన్ 9

నాలుగు రోజులుగా రాయలేదు.

శనివారం లారీలో నిజాం పక్షం యూనిఫారాల మనుషులు వచ్చారు. తుపాకులు ఉన్నాయి. బావికని తెచ్చిన మందు సిరాజన్న దగ్గర ఉందని విన్నారట. మందు ఇవ్వు, నువ్వూ మాతో రా అన్నారు. నాకు రాయి పని తప్ప ఏదీ రాదు, మందంతా బావిలో అయిపోయింది అన్నాడు సిరాజన్న.

అబద్ధం. రెండు డబ్బాలు సిద్దమ్మ ఇంట్లో జొన్నల గుమ్మిలో ఉన్నాయి. బస్తీలో పెద్దా చిన్నా అందరికీ తెలుసు. ఒక్కొక్క ఇల్లూ తిరిగి అడిగారు. ఒక్కరూ చెప్పలేదు. నన్నూ అడిగారు. నేనూ చెప్పలేదు.

తుపాకీ మడమతో సిరాజన్న ఎడమ భుజం మీద కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అప్పుడు షహజాది బేగం పర్దా లేకుండా అరుగు మీదికి వచ్చింది. ఈ ఇల్లు నా పేరు మీద ఉంది, నా ఇంట్లోంచి నడవండి అని ఉర్దూలో అరిచింది. వాళ్ళకు ఏమనిపించిందో, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెళ్ళిపోయారు.

సెప్టెంబర్ 18

నిన్న రేడియోలో చెప్పారు. నిజాం సర్కారు లొంగిపోయింది. ఇవాళ మేడ్చల్ స్టేషన్లో కొందరు మిఠాయి పంచారు. కొందరు తలుపులు వేసుకున్నారు. మా బస్తీలో రెండూ లేవు. అందరూ సిరాజన్న అరుగు మీద ఊరికే కూర్చున్నారు.

సెప్టెంబర్ 24, శుక్రవారం

కొత్తగా వచ్చిన మిలిటరీకి ఎవరో అర్జీ పెట్టారు. మందు పెట్టే తురకాయన, జూన్‌లో లారీ వచ్చింది, మందు వాళ్ళకు ఇచ్చేశాడు అని. ఇవ్వనందుకే భుజం విరిగిన మనిషి మీద!

తెల్లవారుజామున సిరాజన్న వచ్చి గుమ్మిలోని డబ్బాలు తీసుకుని గని గుంటలో నీళ్ళలో కుమ్మరించాడు. నా ఇంట్ల దొరికితె నాకు, నీ ఇంట్ల దొరికితె నీకు మోసం, అన్నాడు సిద్దమ్మతో. నడిచి బొల్లారం స్టేషన్‌కు వెళ్ళిపోయారు భార్యాభర్తలిద్దరూ. పోయే ముందు షహజాది బేగం తన ఇంటి తాళంచెవి సిద్దమ్మ కొంగుకు కట్టింది. నా దిక్కు ఒకసారి చూసింది.

బావి తొమ్మిది గజాల దగ్గర ఆగిపోయింది.

అక్టోబర్ 1, శుక్రవారం

ఇది రాయాలని లేదు. రాస్తాను.

మీటింగ్‌లో బక్కయ్య ఒక మాట పెట్టాడు. సిరాజన్న ఇగ రాడు. ఇల్లు ఖాళీగా ఉంది. భిక్షమన్న సంఘం కోసం నౌకరీ పోగొట్టుకున్నడు, రెండేండ్ల సంది ఒకలింట్ల ఉంటున్నడు, ఆ ఇల్లు ఆయనకు ఇద్దాం. బక్కయ్య చెడ్డవాడు కాదు. నా మేలు కోరే అన్నాడు. చాలామంది తలలూపారు.

నేను వద్దనలేదు. వెంటనే అనలేదు. ఆ అరుగు, రెండు గదులు, కిటికీ దగ్గర ఈ నోట్‌బుక్ పెట్టుకునే చోటు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. బుచ్చమ్మ నన్ను చూడకుండా నేలను చూస్తోంది.

సిద్దమ్మ అడిగింది, "భిక్షమన్నా, ఆ ఇల్లు ఎవల పేరు మీదున్నది? పుస్తకం తీసి సదువు."

తీసి చదివాను. షహజాది బేగం.

"సదివినవు గద. ఆమె సచ్చిందా? అమ్మిందా? ఇగ మీటింగ్ అయిపోయింది," అన్నది. చీర దులుపుకుని లేచింది.

రాత్రి బుచ్చమ్మ, మిలిటరీ క్యాంపుకు పోయి నిజం చెప్పు అన్నది. నేను కూడా అదే అనుకుంటున్నాను అన్నాను. ఈసారి బుచ్చమ్మకు అబద్ధం చెప్పలేదు.

అక్టోబర్ 4

మేడ్చల్ క్యాంపు. సిద్దమ్మ కూడా వచ్చింది. ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చిన సుబేదార్. నేను ఉర్దూలో చెబుతున్నాను, ఆయన హిందీలో అడుగుతున్నాడు. మందు వాళ్ళకు ఇవ్వలేదని రుజువేమిటి? నా దగ్గర మాటలే ఉన్నాయి.

సిద్దమ్మ నా భుజం తట్టింది. "మందు యాడికి పోయిందో సూపిస్త, రమ్మను."

జీపులో వచ్చాడు. మా బావి చుట్టూ తిరిగాడు. తర్వాత బూట్లు విప్పి, తాడు పట్టుకుని దిగాడు. మేం పైన నిలబడ్డాం. తొమ్మిది గజాల లోతు, నాలుగు పక్కలా బండలో సగం మిగిలిన తూట్లు, పొగ మరకలు. చాలాసేపు ఉన్నాడు లోపల. పైకి వచ్చినప్పుడు అరచేతులకు రాతి పొడి. ఈ తూట్లు పొడిపించింది ఒక్కడేనా అని అడిగాడు. అవునన్నాం. ఒక్కటీ వంకర పోలేదు అన్నాడు. మా ఊళ్ళోనూ నీళ్ళు ఇలాగే దొరుకుతాయి అన్నాడు.

జూన్ సంగతి చెప్పడానికి బస్తీ అంతా అక్కడే నిలబడి ఉంది. బక్కయ్య అందరికంటే ముందు నిలబడ్డాడు. సుబేదార్ అందరి మాటా విన్నాడు. కాగితం రాసి నా చేతిలో పెట్టాడు. సిరాజుద్దీన్ మీద కేసు లేదు.

అక్టోబర్ 10

నిన్న పట్నం వెళ్ళాను. స్టేషన్ కూలీలను వాకబు చేస్తే సిరాజన్న కాచిగూడ దగ్గర కట్టెల అడితిలో దొరికాడు. ఒక్క చేత్తో కట్టెలు పేరుస్తున్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

కాగితం చదివి వినిపించాను. తల అడ్డంగా ఊపాడు. మందు లేదు, ఇక ఇవ్వరు కూడా, భుజం లేవదు, "అక్కడ నేనెవన్ని భిక్షం?" అన్నాడు. బావి తొమ్మిది గజాల దగ్గరే ఉంది, మిగతావాళ్ళకు ఎటు కొట్టాలో తెలియదు అని మాత్రం చెప్పాను. సుబేదార్ అన్న మాట చెప్పాను, ఒక్క తూటూ వంకర పోలేదని. ఆ మాటకు కుడి చెవి ఇటు తిప్పాడు. మళ్ళీ చెప్పించుకున్నాడు.

షహజాది బేగం లోపలి నుంచి ఒక్కటే అడిగింది. "నా ఇంటి తాళం ఎవలకన్న ఇచ్చిండ్రా?"

సిద్దమ్మ కొంగుకే ఉంది అన్నాను. ఆమె పక్కబట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

1949 ఏప్రిల్ 15, శుక్రవారం

నీళ్ళు!

ఆరు నెలలు. మందు లేకుండా. బండ మీద కట్టెలు పేర్చి కాల్చడం, ఎర్రగా కాగాక నీళ్ళు పోయడం, నెర్రె ఇస్తే ఉలి దించడం. కాల్చిన బండ మీద పోసిన నీళ్ళన్నీ గౌరయ్య బావి నుంచి ఆడవాళ్ళు మోసినవే. నీళ్ళ కోసం ఎన్ని నీళ్ళు పోశారో!

సిరాజన్న సమ్మెట ఎత్తలేడు. గంపలో కూర్చుని దిగుతాడు. చెవి ఆనిస్తాడు. వేలితో చూపిస్తాడు. బక్కయ్య కొడతాడు. ఇవాళ పద్నాలుగో గజంలో చెవి ఆనించి లేవలేదు. పైనున్న మాకు భయమేసింది. తర్వాత గొంతు వినిపించింది, మెల్లగా కొట్టు, పక్కకు జరిగి కొట్టు అని. మూడు దెబ్బలు. నాలుగో దెబ్బకు బక్కయ్య కేక. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాకగానీ ఇద్దరూ పైకి రామన్నారు.

మొదటి బిందె ఎవరు తాగాలని ఆడవాళ్ళు వాదులాడుకుంటుంటే సిద్దమ్మ బిడ్డ, ఇప్పుడు ఐదేళ్ళది, దోసిలి పెట్టి తాగేసింది.

మెచ్చుకోవడం నాకు చేతకాదు. ఎదురుగా మెచ్చుకుంటే సిరాజన్న పక్కకు తిరిగి వినపడని ఎడమ చెవి చూపిస్తాడు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. నేను ఇలాంటి మనుషుల మధ్య బతికాను.

అక్టోబర్ 28, శుక్రవారం

చివరి ఇల్లు. బుచ్చమ్మది. ఇరవై మూడు.

ఇల్లు ఆమె పేరు మీద ఉంది కాబట్టి, లోపలికి రావచ్చా అని అడిగాను. కాళ్ళు కడుక్కుని రమ్మన్నది.

సాయంత్రం మీటింగ్. అందరికీ ఇళ్ళు వచ్చాయి, కిస్తులు తీరడానికి ఇంకో రెండేళ్ళు, తర్వాత సంఘం మూసేద్దామా అని అడిగాను. సెక్రెటరీగా అడగాలి. ఐలమ్మ ఉడకబెట్టిన మక్క గుడాలు పంచింది. తిన్నాం.

నవంబర్ 25, శుక్రవారం

గని దగ్గర పాలమూరు దిక్కు నుంచి కొత్త కూలీలు దిగారు. సిద్దమ్మ వాళ్ళలో ఒకామెను చేయి పట్టుకుని తీసుకొచ్చింది. సంఘం పుస్తకంలో పేరు రాసుకొమ్మన్నది. దుర్గాబాయి. వయసు తెలియదు. ముప్పై వేశాను. తర్వాత నివాసం. గుత్తేదారు గుడిసెలు అని రాయబోయాను.

"అది రాయకు. అది ఆమె ఇల్లు గాదు," అన్నది సిద్దమ్మ.

ఆ గడిలో ఏమీ రాయలేదు. జాగా ఉంచాను.